నేను తుడిచేసిన గొంతు

గుంటూరు నుంచి దర్శి దాకా నేను పీకి పారెయ్యలేని యాంటీవైరస్ లేదని చాలా పెళ్లి భోజనాల్లో చెప్పాను. అది నిజమా అని ఎవరైనా ఆలోచించేలోపు విస్తట్లోకి గోంగూర వచ్చేది, నా మాట నిలబడిపోయేది. ఇప్పుడు రిటైరయ్యాను, నిజం చెబితే పోయేదేం లేదు. పీకలేక చేతులెత్తేసినవి మూడున్నాయి. పీకాను గానీ పీకిన పద్ధతికి ఇప్పటికీ సిగ్గుపడేది ఒకటుంది.

ముప్పై ఏళ్లు కంప్యూటర్లు బాగుచేశానని కూడా అంటుంటాను. చేసింది ఇరవై రెండేళ్లే. మిగతా ఎనిమిదేళ్లు షాపులో కుర్చీ వేసుకుని, చేసేవాళ్లకు తప్పులు చూపించాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు ఏ మీట నొక్కాలో ఫోనే చెబుతోంది. నొక్కే ముందు ఇంట్లోవాళ్లను ఏమడగాలో అది చెప్పదు. అది తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది కాబట్టి రాస్తున్నాను.

ఈ పని అసలు ఏమిటి

బాగుచెయ్యడం అనుకుంటారు. కాదు, ఎదురుచూడటం. పని ఎంతయిందో చూపే నీలం గీత తెర మీద ఎడమ నుంచి కుడికి పాకుతుంటుంది. సగం దాకా గబగబా వచ్చి, అక్కడ ఎండకు సొమ్మసిల్లినట్టు ఆగిపోతుంది. మీరు కుర్చీలో కూర్చుంటారు. కిటికీ అవతల కల్లంలో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉంటాయి. వాటి మీదుగా వచ్చే గాలికి కళ్లు మండుతాయి. మండే కళ్లు మూసుకుంటే నిద్ర పడుతుంది. ప్రత్తిపాడు చుట్టుపక్కల నేను కునుకు తీయని ఊరు లేదు. ఆ కునుకులో ఒక్కోసారి కల్లం తెరలాగా, తెర కల్లంలాగా కనిపించేవి. ఎవరో చీపురుతో మిరపకాయల్ని ఎడమ నుంచి కుడికి నెడుతున్నట్టు, అవి కుడి అంచుకు చేరితే నేను ఇంటికి వెళ్లొచ్చన్నట్టు కల వచ్చేది. మెలకువ వచ్చి చూస్తే గీత అక్కడే ఉండేది, నా పక్కన స్టూలు మీద మజ్జిగ గ్లాసు మాత్రం కొత్తగా వచ్చి ఉండేది.

ఆ ఎదురుచూపులో విసుక్కునేవాడు ఈ పనికి పనికిరాడు. కంప్యూటర్ పక్కన గంట కూర్చుంటే ఇంటివాళ్లు తమకు తామే అన్నీ చెబుతారు. వినాలి. నేను వినలేదు, నిద్రపోయాను.

మా షాపు యజమాని రాఘవయ్యగారికి కొత్త కంప్యూటర్ల సంగతి పెద్దగా తెలియదు. రేడియోలు బాగుచేసే రోజుల్లో షాపు పెట్టిన మనిషి. అయినా ఏ యంత్రం వచ్చినా దాన్ని ముట్టుకోకముందు ఒకే ప్రశ్న అడిగేవాడు: “ఇందులో ఏది పోతే మీకు నిద్ర పట్టదు?”

దర్శి నుంచి వచ్చిన పురోహితుడొకాయన ఆ ప్రశ్నకు నవ్వి, ఇందులో ఏముంటుందండీ, ఆటలు తప్ప అన్నాడు. రాఘవయ్యగారు కదల్లేదు. ఇంకోసారి అడిగాడు. అప్పుడాయన కాసేపు ఆలోచించి, ముహూర్తాల లెక్కలు వేసిపెట్టే చిన్న ప్రోగ్రాం ఉందనీ, అది పోతే మాఘమాసమంతా చేత్తో లెక్కలు వేసుకోవాలనీ చెప్పాడు. యాంటీవైరస్ అప్పటికే దాన్ని దొంగ అనుకుని బంధించింది. ముందు దాన్ని విడిపించి, పక్కన దాచి, ఆ తర్వాతే యాంటీవైరస్‌ను తీశాం.

ముసలాయన చాదస్తం అనుకున్నాను. ఆయన షాపుకు రావడం మానేశాక ఆ ప్రశ్నను నేనూ మానేశాను.

అంజయ్యగారి మూడు మందులు

ప్రత్తిపాడు అవతల ఒక ఊళ్లో అంజయ్యగారని రైతు. ఐదెకరాల మిరప, నాలుగెకరాల పత్తి. ఇంట్లో కంప్యూటర్ బిగుసుకుపోయిందని ఫోన్ చేశాడు. వెళ్లాను. పొద్దున మీట నొక్కి, గేదె పాలు పిండి, టీ తాగి వస్తే అప్పటికి తెర వెలుగుతోందన్నాడు. చూస్తే అందులో ఒకటి కాదు, మూడు యాంటీవైరస్‌లున్నాయి.

ఇన్నెందుకు పెట్టారండీ అని అడిగితే ఆయన నన్ను జాలిగా చూశాడు.

“పురుగు ఒక మందుకు లొంగకపోతే మందు మార్చాలి మేస్త్రీ. మార్చినా లొంగకపోతే రెండూ కలిపి కొట్టాలి. ఈపాటి మీకు చెప్పాలా?”

నన్ను మేస్త్రీ అన్నవాడు నా సర్వీసులో ఆయనొక్కడే. ఒకే యంత్రంలో మూడు పెట్టడం మాత్రం ఈ ప్రాంతంలో తప్ప ఇంకెక్కడా జరగని పొరపాటు. ఇక్కడ మిరపకు పేను పడితే రైతు ఒక డబ్బాతో ఆగడు, ఏది పనిచేస్తుందో తెలియక మూడు మందులు ఒకే ట్యాంకులో కలిపి కొడతాడు. అదే చెయ్యి కంప్యూటర్ మీద కూడా పడింది. మొదటి యాంటీవైరస్ యంత్రంతో వచ్చింది. రెండోది ఎవరో మంచిదంటే దించుకున్నాడు. మూడోది అమ్మకానికి ఊళ్లోకొచ్చిన ఒకతను పెట్టి, దానికేదో తాళంమాట, అదే పాస్‌వర్డ్, వేసి వెళ్లిపోయాడు. ఆ తాళంమాట అంజయ్యగారికి తెలియదు, ఆ మనిషి మళ్లీ కనిపించలేదు.

ఒకే గుమ్మానికి ముగ్గురు కాపలావాళ్లను పెడితే ఒకడినొకడు దొంగ అనుకుని పట్టుకుంటారండీ, లోపలికి వెళ్లేవాడు గుమ్మంలోనే నిలబడిపోతాడు అని వివరించాను. ఆయన గడ్డం గోక్కున్నాడు.

“మందులు పడక చెట్టు మాడినట్టా?”

“అదే.”

“అట్టా చెప్పండి మరి.”

వేరు నీడ

మొదటి రెండూ మాట విన్నాయి. తీసెయ్యి అంటే పోయాయి, యంత్రాన్ని ఆపి మళ్లీ వెలిగించమన్నాయి, అంతే. మూడోది మొండిది. తీసెయ్యమంటే తాళంమాట అడిగింది. దాని ఫైళ్లన్నీ ఉన్న సంచిని, అంటే ఫోల్డర్‌ను, చెరపబోతే అనుమతి లేదంది. ఆపబోతే ఆగినట్టే ఆగి, ఊపిరి పీల్చుకున్నట్టు మళ్లీ లేచింది.

అలాంటివాటికి ఒక దారి ఉంది. కంప్యూటర్‌ను సేఫ్ మోడ్‌లో లేపాలి. అంటే కళ్లు తెరిచిందిగానీ ఇంకా మంచం దిగలేదన్నమాట. ఆ మగతలో కాపలావాళ్లెవరూ లేచి ఉండరు. అప్పుడు మొండివాడి సంచి పేరు మార్చి, వాణ్ణి లేపే మీటలు ఒక్కొక్కటీ తీసేస్తే, మామూలుగా వెలిగించినప్పుడు వాడు తన పేరు తానే వెతుక్కుంటూ ఉండిపోతాడు. తర్వాత నిదానంగా చెరపొచ్చు. ఇది నేను కనిపెట్టిన విద్య అని చెప్పుకునేవాణ్ణి. రాఘవయ్యగారి షాపులో నాకంటే ముందు పనిచేసినతను చూపించాడు.

అంజయ్యగారు వెనక నిలబడి చూస్తున్నాడు. మా అమ్మాయి ప్రోగ్రాం ఏదో నాలుగు రోజులుగా మాట్లాడటం లేదంట, అదీ చూడమని చెప్పి బడికి వెళ్లింది అన్నాడు. అన్నీ మాట్లాడతాయండీ అన్నాను. రాఘవయ్యగారి ప్రశ్న అడగాల్సిన చోటు అది. అడగలేదు.

సంచి చెరిపేశాను. అంతటితో పని అయిపోయింది. ఆయన మాత్రం ఇంకా తెరవైపే చూస్తూ, “వేరుతో సహా పోయిందా?” అన్నాడు.

ఇక్కడ ఆగి ఉంటే ఇది రాసే పని ఉండేది కాదు. ఫైలు చెరిపినంత మాత్రాన వెంటనే పోదు. పత్తిమోడు నరికినా భూమిలో వేరు ఉన్నట్టు డిస్కులో దాని జాడ ఉంటుంది. ఓపికుంటే మళ్లీ లేపుకోవచ్చు. ఆ జాడ కూడా మిగలకుండా ఖాళీ చోటంతా సున్నాలతో నింపేసే పనిముట్టొకటి నా దగ్గర ఉండేది. ఇక్కడ దానితో అవసరమే లేదు. చూసేవాడున్నాడు కాబట్టి తీశాను.

“వేరు కాదండీ, వేరు నీడ కూడా ఉండదు” అన్నాను.

నీలం గీత పాకడం మొదలుపెట్టింది. నేను కళ్లు మూసుకున్నాను.

నాగరాజు ఎవరు

అంజయ్యగారి అమ్మాయి కోటేశ్వరి సాయంత్రం నాలుగున్నరకు బడి నుంచి వచ్చింది. హైస్కూల్లో సోషల్ టీచరు. పుట్టుకతోనే చూపు లేదు. చెప్పులు వాకిట్లో విడిచి, గోడ ముట్టుకోకుండా నేరుగా కంప్యూటర్ దగ్గరకు వచ్చి, నా పక్కన ఆగింది.

“నాగరాజును బయటికి తీశారా బాబాయ్ గారూ?”

ఎవరమ్మా నాగరాజు అన్నాను. అంజయ్యగారు చెప్పాడు. ఆమె చదువుకున్న అంధుల బడిలో నాగరాజని తోటి విద్యార్థి, సగం చూపున్నవాడు. తెలుగు చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటి సొంతంగా రాసి ఆమెకిచ్చాడు. గుణింతాలూ ఒత్తులూ అన్నీ తన గొంతుతోనే చదివి, అక్షరానికో ముక్క చొప్పున అందులో పెట్టాడు. ఆమె ఏ పాఠం తెరిచినా ఆ ముక్కలు అతుక్కుని అతని గొంతుతో వినిపిస్తాయి. ఇంట్లో అందరూ దాన్ని నాగరాజు అనే పిలుస్తారు. మూడో యాంటీవైరస్‌కు ఆ ఊరూపేరూ లేని ప్రోగ్రాం దొంగలా కనిపించింది. నాలుగు రోజుల కింద పట్టుకుని తన కొట్లో వేసింది.

ఆ కొట్టు ఉన్నది నేను చెరిపిన సంచిలోనే.

వేసవి మధ్యాహ్నం చల్లటి చెయ్యి ఎవరో వీపు మీద పెట్టినట్టయింది. అప్పుడు చెయ్యాల్సింది ఒకటే, ఉన్నది ఉన్నట్టు చెప్పడం. నేను ఇంకోటి చేశాను. తెలుగు చదివే గొంతు ఒకటి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అది దించి, పెట్టి, నాగరాజుకు కొత్త వెర్షన్ వచ్చిందమ్మా అన్నాను. శుభ్రమైన ఆడగొంతు రెండు వాక్యాలు చదివింది. కోటేశ్వరి తల పక్కకు వంచి విన్నది.

“నాగరాజు ఆడపిల్లయ్యాడా?”

తర్వాత తన పాఠాల్లో ఒకటి తెరిచింది. నాలుగేళ్లుగా ఆమె టైపు చేసుకున్నవన్నీ పాత తరహా తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. నాగరాజుకు తప్ప అవి చదివి వినిపించే ఇంకే ప్రోగ్రాంకూ అర్థం కావు. కొత్త గొంతు వాటిని చూసి అటూఇటూ కాని కూతలు కూసింది.

వైరస్ తినేసిందమ్మా అన్నాను. మా పనిలో ఇంతకంటే సులువైన మాట లేదు. తప్పు మనది, పేరు వైరస్‌ది. ఎవరూ ఎదురడగరు, వైరస్ వచ్చి కాదనదు. అప్పటికి ఎన్నిసార్లు అన్నానో నాకే గుర్తులేదు.

ఆమె కోప్పడలేదు. లెక్క అడిగినట్టు అడిగింది.

“పొద్దున నేను బడికి వెళ్లేటప్పటికి కొట్లో భద్రంగా ఉన్నాడు. మా బడిలో సైన్సు మేడం ఇంటికొచ్చి తెర చూసి చదివింది. తర్వాత దీని ముందు కూర్చుంది మీరొక్కరే. తిన్నది వైరస్సా, మీరా?”

“నేనేనమ్మా.”

మళ్లీ మొలవాలంటే

టెన్త్ పిల్లలకు పరీక్షలు నెల రోజుల్లో ఉన్నాయి. నాలుగేళ్ల నోట్సు కళ్లముందే ఉంది, చదివేవాడు లేడు. అంజయ్యగారు చివరికి, “మళ్లీ మొలవదా మేస్త్రీ?” అన్నాడు. విత్తనం ఉంటే మొలుస్తుందండీ, మొదట ఏ పెన్‌డ్రైవ్‌లో వచ్చిందో అదుంటే చాలు అన్నాను. ఆయన తల దించుకున్నాడు. ఆ పెన్‌డ్రైవ్ ట్రాక్టర్‌లో ఉంది, అందులో ఇప్పుడు పాటలున్నాయి.

డిస్కు విప్పి గుంటూరు తీసుకెళ్లాను. రెండు రోజులు తిండి మానేసి వెతికానని చెబుతుంటాను. తిన్నాను. వెతికింది మాత్రం నిజం. ఏమీ మిగల్లేదు. నా జీవితంలో అంత శుభ్రంగా చేసిన పని ఇంకోటి లేదు.

మూడో రోజు వెళ్లి అదే చెప్పాను. కోటేశ్వరి కాసేపు వేళ్లు నలుపుకుని, “అతని నంబరు నా దగ్గరుంది” అంది.

మరి మొదటిరోజే చెప్పొచ్చు కదమ్మా అన్నాను.

“మూడేళ్లుగా ఫోన్ చెయ్యలేదు బాబాయ్ గారూ.”

“గొడవా?”

“గొడవేం లేదు. రోజూ ఇంట్లో మాట్లాడుతూనే ఉన్నాడు కదా. ఫోనెందుకులే అనిపించింది. ఒకరోజు, రెండు రోజులు... అట్టా అయిపోయింది.”

ఫోన్ చేసింది. నాకూ వినబడాలని స్పీకరు పెట్టింది. చీమకుర్తిలో ఒక గ్రానైట్ యూనిట్ ఆఫీసులో పనిచేస్తున్నాడతను. వెనక రాయి కోసే రంపం మోత.

“నేను” అంది.

“తెలుసు. చెప్పు.”

“నీ గొంతు పోయింది.”

“మరి ఇప్పుడు మాట్లాడుతున్నది?”

“ఇది కాదు. ఇంట్లోది.”

అవతల రంపం మోత దూరమైంది. అతను అటు బయటికి నడిచినట్టున్నాడు. ఆమె ముఖం చూశాను. మూడేళ్లు ముక్కలు ముక్కలుగా విన్న గొంతు అతుకుల్లేకుండా, మధ్యలో ఊపిరి తీసుకుంటూ, తనంతట తాను మాటలు వెతుక్కుంటూ వస్తోంది. అతను ఏం చెబుతున్నాడో కాదు, ఎలా చెబుతున్నాడో వింటోందని నాకు అర్థమైంది.

అతను చెప్పిందిది. ప్రోగ్రాం అసలుది తన దగ్గర ఉంది. గొంతు ముక్కలు మాత్రం లేవు, పాత డిస్కుతో పోయాయి. ఎవరిదో ఒకరి గొంతుతో అక్షరాలన్నీ చదివించి పెడితే ఒక రోజు పని.

నేను గొంతు సవరించుకున్నాను. పద్యనాటకాల్లో వేషాలు వేసినవాణ్ణమ్మా, నా గొంతు పెట్టుకోండి అన్నాను. నిజానికి నేను వేసింది వేషం కాదు, తెర.

“వద్దు బాబాయ్ గారూ, పిల్లలకు పరీక్షలున్నాయి” అంది కోటేశ్వరి.

ఫోన్లో నవ్వు వినిపించింది. తర్వాత అతనే, “ఆదివారం వస్తాలే” అన్నాడు.

పత్తిగది

గొంతు రికార్డు చెయ్యాలంటే నిశ్శబ్దం కావాలి. మిరప కోతల రోజుల్లో పల్లెటూళ్లో అది దొరకదు. ట్రాక్టర్లు, కూలీల పిలుపులు, ఎవరింట్లోనో మైకు. అంజయ్యగారి వెనక గదిలో పత్తి ఉంది. ధర వచ్చేదాకా అమ్మనని ఇంట్లోనే పోసుకున్నాడు. మూడు గోడల వెంటా మనిషి ఎత్తును మించి పత్తి. నడుమ రెండు పీటలు పట్టే చోటు. తలుపు వేసి నేను చిటిక వేసి చూశాను. శబ్దం గోడకు తగిలి తిరిగి రాలేదు. పత్తిలోకి వెళ్లి అక్కడే పడుకుంది. గుంటూరులో డబ్బులిచ్చి గంటకు తీసుకునే స్టూడియోల్లో కూడా అంత నిశ్శబ్దం నేను వినలేదు. ఈ మాట మాత్రం పెంచి చెప్పడం లేదు.

నాగరాజు ఉదయం బస్సుకు వచ్చాడు. సన్నగా, చొక్కా నిండా ఇస్త్రీతో. కాగితాన్ని ముక్కుకు ఆనించి చదువుతాడు. అతను ఒక పీట మీద, ఆమె ఒక పీట మీద. నేను గుమ్మం దగ్గర లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నాను. నా పని బటన్ నొక్కడం, ప్రతి అక్షరం శుభ్రంగా వచ్చిందో లేదో తెర మీద గీత చూసి తల ఊపడం.

అతను చదవసాగాడు. అ, ఆ, ఇ, ఈ. ఒక్కో అక్షరానికీ నడుమ ఊపిరి పట్టినంత విరామం. చిన్న వెంటిలేటర్ లోంచి వెలుతురు పడి, అందులో పత్తి నూగు తేలుతోంది. అక్షరం వచ్చినప్పుడల్లా ఆ నూగు కొంచెం కదిలినట్టుండేది. అర్థం లేని అక్షరాలు, ఒకదానికొకటి సంబంధం లేకుండా, ఒక్కొక్కటీ గదిలోకి వచ్చి మెత్తగా కూర్చుంటున్నాయి. కోటేశ్వరి పాఠం వినే పిల్లలా వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చుంది. కాలం ఎంత గడిచిందో చెప్పలేను. ఎన్ని ఇళ్లలోనో నిద్రపోయినవాణ్ణి, ఆ గదిలో నిద్ర రాలేదు.

ఒత్తులు కూడా అయ్యేసరికి ఒంటిగంట దాటింది. పూర్తయిందమ్మా అన్నాను.

“కో సరిగా రాలేదు” అంది ఆమె. “మళ్లీ.”

రికార్డు వెనక్కి జరిపి విన్నాను. గీత చూశాను. కో, ఆమె పేరులో మొదటి అక్షరం, అన్నిటికంటే స్పష్టంగా ఉంది. నాగరాజు నావైపు తిరిగాడు. బటన్ నొక్కాను.

“కో.”

“ఊహూ.”

“కో.”

“ఇంకొంచెం నిదానంగా.”

తలుపు అవతల నుంచి అంజయ్యగారి గొంతు వినిపించింది. అన్నం చల్లారిపోతోందట, ఇంకా అవలేదా మేస్త్రీ అని అడుగుతున్నాడు.

“ఎక్కడండీ,” అన్నాను, “ఒక అక్షరం మొండికేస్తోంది.”

మళ్లీ బటన్ నొక్కాను.